తొంభయ్యవ రోజు

మా కాలేజీ ఆఫీసులో నేను సూపరింటెండెంటుగా ఉన్న కాలంలో ఒకే మనిషిని పంతొమ్మిది సార్లు ఉద్యోగంలోంచి తొలగించి, పంతొమ్మిది సార్లు తిరిగి చేర్చుకున్నాను. ఆ లెక్క నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. తొలగించిన ప్రతిసారీ కాగితం సక్రమంగానే ఉంది. చేర్చుకున్న ప్రతిసారీ కూడా సక్రమంగానే ఉంది. అన్ని కాగితాలూ తయారు చేసినవాణ్ని నేనే కాబట్టి, ఈ సంగతి రాయవలసిన బాధ్యత కూడా నాదేనని అనుకుంటున్నాను.

ఉద్యోగంలో చేరిన నాటినుంచి నాకొక అలవాటు ఉంది. ఆఫీసులో జరిగినదాన్ని ఏ రోజుకారోజు, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్న తరవాత, పొడుగాటి రూళ్ల పుస్తకంలో రాసుకుంటాను. అభిప్రాయాలు రాయను. ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు, ఎవరు నోటితో ఏం చెప్పారు, ఆ సమయానికి గదిలో ఇంకెవరున్నారు, ఇంతే. అభిప్రాయాలు రాయనంత మాత్రాన నాకు లేవని కాదు. వాటికి ఇప్పుడు తీరిక దొరికింది.

మాది పడమటి డెల్టాలో కాలవ పక్కన ఉన్న చిన్న పట్టణం. కాలేజీ ఎయిడెడ్ కాలేజీ. అంటే కట్టించినవారు చుట్టుపక్కల రైతులు, నడిపేది వారి కమిటీ, పర్మనెంటు సిబ్బంది జీతాల భారం ప్రభుత్వానిది. తొంభైల్లోకి వచ్చేసరికి ఆఫీసులో ఎవరు రిటైరైనా ఆ ఖాళీని నింపవద్దని పైనుంచి చెప్పారు. ఖాళీ నింపవద్దన్నారు గాని పని తగ్గించలేదు. అడ్మిషన్లు ఆగవు, పరీక్షల దరఖాస్తులు ఆగవు, టి.సి.లు ఆగవు. అందుకని కమిటీవారు తమంతట తామే మనుషుల్ని పెట్టుకోవడం మొదలుపెట్టారు. వారిని కాంట్రాక్టు ఉద్యోగులు అన్నారు.

వారికిచ్చే ఉత్తర్వు ఒక పేజీ. అది ఇంగ్లీషులో ఉండేది. సారాంశం ఇక్కడ తెలుగులో చెబుతాను. ఫలానా వారిని ఎనభై తొమ్మిది రోజుల పాటు, పూర్తిగా తాత్కాలికంగా, జూనియర్ అసిస్టెంటుగా నియమిస్తున్నాము. గడువు ముగిసిన రోజున ఈ నియామకం దానంతట అదే రద్దవుతుంది. ఏ కారణమూ చూపకుండా అంతకు ముందే రద్దు చేసే అధికారం కూడా మాకు ఉంది. ఈ ఉద్యోగం చేసిన కారణంగా భవిష్యత్తులో ఏ హక్కూ కోరకూడదు. వీటన్నిటి కింద, పై షరతులకు సమ్మతించి చేరుతున్నానని ఒక వాక్యం, దాని కింద ఉద్యోగి సంతకం. ఎనభై తొమ్మిదో రోజుతో అది అయిపోయేది. తొంభయ్యవ రోజు ఆ మనిషి ఉద్యోగి కాదు. తొంభై ఒకటో రోజున మళ్లీ అదే పేజీ, అదే పేరు, కొత్త తేదీలు.

వరసగా తొంభై రోజులు పనిచేస్తే మనిషికి ఏదో హక్కు వస్తుందని ఒక నమ్మకం ఉండేది. ఆ హక్కు ఏ చట్టంలో, ఏ సెక్షనులో ఉందో చూపించమని మా ప్రిన్సిపాల్ గారిని మూడుసార్లు అడిగాను. మొదటిసారి, "చూసి చెబుతానండి" అన్నారు. రెండోసారి, పక్క ఊరి కాలేజీలో కూడా ఇలాగే ఇస్తున్నారని చెప్పారు. పక్క ఊరి కాలేజీ సూపరింటెండెంటు నాకు తెలిసినవాడే. ఆయన్ని అడిగితే, "మీ కాలేజీని చూసే మొదలుపెట్టామండి" అన్నాడు. ఈ మాట చెప్పడానికి మూడోసారి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు మంచినీళ్లు తాగి, "చూశారా, అందరం ఒకే పద్ధతిలో ఉన్నాం" అన్నారు.

నేను చెబుతున్నావిడ గోదావరి గట్టు కింద ఊరి మనిషి. వాళ్లది చేపల వేట మీద బతికే కుటుంబం. భర్తకి నావ ఉంది. అత్తగారు మా పట్టణం బజార్లోనే గంప పెట్టుకుని చేపలు అమ్మేది. ఆ ఇంట్లో డిగ్రీ చదివినది ఈవిడ ఒక్కతే. టైపు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ హయ్యరు పాసయ్యింది. చేరిన నెల రోజులకే, మా ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసినవాళ్లం ఇద్దరమయ్యాం. అంతకు ముందు నేనొక్కణ్నే ఉండేవాణ్ని.

ఆఫీసులో టైపు వచ్చినది ఆవిడకే కాబట్టి తన ఉత్తర్వు తానే టైపు చేసుకునేది. గడువు ముగిసినట్టు తెలియజేసే కాగితం కూడా ఆవిడే టైపు చేసేది. తప్పులు సరిచూసి, ప్రిన్సిపాల్ గారి సంతకానికి పెట్టి, నకలు ఫైల్లో పెట్టి, అసలు కాగితం తనకి తానే అందజేసుకుని, అందినట్టు సంతకం చేసేది. ఈ పని ఆవిడ ఎన్నడూ వాయిదా వెయ్యలేదు.

తొంభయ్యవ రోజున ఆవిడ కాలేజీకి రాకూడదు. కాని ఆ రోజు కూడా కాలేజీ ఉండేది. మొదటిసారి అది పరీక్ష దరఖాస్తులకు ఆఖరి తేదీ నాడు పడింది. ఉదయం పదిన్నరకి ప్రిన్సిపాల్ గారు కబురు పంపితే బస్సెక్కి వచ్చింది. ఆ సంభాషణ నా పుస్తకంలో ఉంది.

"ఏమ్మా, ఇవాళ మీరు ఉద్యోగంలో లేరు కదా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లేనండి."

"సెకండియర్ దరఖాస్తులు ఎక్కడ పెట్టారు?"

"బీరువాలో మూడో అరలోనండి. సంతకాలు లేనివి ఇరవై దాకా విడిగా కట్టానండి. ఆ పిల్లల్ని పిలిపించాలి."

"అయితే ఓసారి ఆ పని చూసిపెట్టి వెళ్దురూ."

ఆవిడ ఆ పని చూసిపెట్టేసరికి సాయంత్రం అయిదయింది. హాజరు పట్టీలో సంతకం చెయ్యలేదు. తన కుర్చీలో కూడా కూర్చోలేదు. విద్యార్థుల తల్లిదండ్రులు వస్తే కూర్చునే బెంచీ మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని రాసింది. కుర్చీలో కూర్చోమని నేను చెబితే, "ఈవేళ అది ఖాళీ పోస్టు కదండీ" అంది. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ తరవాత ప్రతి తొంభయ్యవ రోజునా ఇలాగే జరిగింది. అయిదారుసార్లు అయ్యాక కబురు పంపడం కూడా మానేశారు. ఆవిడే వచ్చి బెంచీ మీద కూర్చునేది.

ఒకసారి తనే చెప్పింది. "మా అత్తగారు పొద్దున్నే గంప ఎత్తుకుంటా అడుగుతాదండి, 'ఏమే, ఈవేళ నీకు ఉజ్జోగం ఉన్న రోజా లేని రోజా?' అని. లేని రోజంటే, 'అయితే ఆ మంచి చీర ఎందుకే కట్టావు?' అంటాది."

"నువ్వేమన్నావమ్మా?"

"పని ఉందత్తా అన్నానండి. 'ఉజ్జోగం లేకుండా పనేంటే, మా నావలో చేరిపోరాదా, అక్కడా అంతే' అంది."

ఆవిడకి కావలసినది పర్మనెంటు పోస్టు. ఎనిమిదేళ్ల కొడుకు, కాళ్ల నొప్పులతో గంప దించబోతున్న అత్తగారు, వరద నెలల్లో ఒడ్డున బోర్లా పడుండే నావ, ఇవన్నీ ఆవిడ మీద ఆధారపడి ఉన్నాయి. ప్రభుత్వ పోస్టులకి వయోపరిమితి ఉంటుంది. ఆ వయసు ఆవిడకి దగ్గర పడుతోంది. ఏటా జూన్ నెలలో తన ఉత్తర్వు తాను టైపు చేసుకున్న రోజున మాత్రం నన్నొక ప్రశ్న అడిగేది. "ఈ ఏడు ఏమన్నా పోస్టులు వదుల్తారంటారాండి?" వదలలేదని నాకు తెలిసినా, "చూద్దామమ్మా" అనేవాణ్ని. అలా అనడం నాకు ఇష్టం ఉండేది కాదు.

ఇక కరస్పాండెంటు గారి సంగతి చెప్పాలి. కమిటీ తరఫున కాలేజీ కాగితాల మీద సంతకం పెట్టే పెద్దమనిషిని కరస్పాండెంటు అంటారు. మా కరస్పాండెంటు గారు వరి, కొబ్బరి సమృద్ధిగా ఉన్న రైతు. మాట మెత్తన. పొలంలో కూలీని కూడా అండీ అనకుండా పిలిచేవారు కాదు. ఆయన టేబులు సొరుగులో కాలేజీ నిబంధనల పుస్తకమూ, ఆ ఏటి పంచాంగమూ ఉండేవి. పంచాంగం పైన ఉండేది. మంచిరోజు కాకపోతే ఆయన నియామకపు కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు.

"ఎనభై తొమ్మిది రోజుల ఉత్తర్వే కదండీ" అని ఒకసారి అన్నాను.

"ఎన్నాళ్లకైతే ఏంటండి? ఒక మనిషికి అన్నం పెట్టే కాగితం. పెళ్లి చేసేటప్పుడు ఎన్నాళ్లుంటారో లెక్కేసి ముహూర్తం పెడతామా?"

"మరి తీసేసే కాగితానికి కూడా మంచిరోజు చూస్తారాండి?"

"దానికెందుకండి? అది దానంతట అదే అయిపోతుందని మీరే రాశారు కదా."

ఇందువల్ల మామూలు సంవత్సరాల్లో ఆవిడకి నష్టమే జరిగేది. తొంభై ఒకటో రోజు అమావాస్య అయితే సంతకం ఉండదు. మరునాడు మంగళవారమైతే ఆ రోజూ ఉండదు. ఒకసారి ఇలా వరసగా మూడు రోజులు ఆవిడ నిరుద్యోగిగా ఉండి, మూడు రోజులూ బెంచీ మీద పనిచేసింది. దానికి కారణం అమావాస్య అని నేను రాసుకున్నాను.

అయితే తొంభైల చివర ఒక విద్యా సంవత్సరంలో సంగతి తిరగబడింది. జూన్‌లో జ్యేష్ఠమాసం వెళ్లకముందే ఇచ్చిన ఉత్తర్వు సెప్టెంబరులో ముగిసేసరికి మహాలయ పక్షం వచ్చింది. పక్షం రోజులపాటు కొత్త కాగితం మీద సంతకం కుదరదన్నారు కరస్పాండెంటు గారు. పెద్దలకి నీళ్లు వదిలే రోజుల్లో నియామకమేమిటన్నారు. ఒకటి రెండు రోజులైతే బెంచీ మీద జరిగేది. పదిహేను రోజులు ఎలా? పైగా అప్పుడే అడ్మిషన్ల తనిఖీ ఉంది.

"అయితే ఆ అమ్మాయిని ఏం చెయ్యమంటారండి?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"పాతదాని మీదే సాగనివ్వండి. కొత్తది పెట్టకూడదు గాని, ఉన్నది సాగితే దోషం లేదు."

నోటి మాట మీద నేను ఆఫీసుకి చీపురు కూడా కొనను. ఆ రోజే ఫైల్లో ఒక నోటు రాశాను. కరస్పాండెంటు వారి మౌఖిక ఆదేశం ప్రకారం జూనియర్ అసిస్టెంటును విరామం లేకుండా కొనసాగిస్తున్నామని రాసి, మరునాడు ఆయన చేత పొట్టి సంతకం వేయించాను. ఆయన చదివే వేశారు. విజయదశమి నాడు కొత్త ఉత్తర్వు మీద సంతకమైంది. ఆ మధ్య రోజులు ఏమయ్యాయని ఆడిటరు అడుగుతాడు కాబట్టి, పాత ఉత్తర్వు ముగిసిన మరునాటి నుంచి సేవ కొనసాగినట్టుగా ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చాను. నిజంగా జరిగినది అదే.

ఆ ఉత్తర్వు ముగిసేసరికి పుష్యమాసం. పుష్యం శూన్యమాసమన్నారు. మాఘంలో పెడదామన్నారు. మాఘం వచ్చేసరికి శుక్రమూఢం వచ్చింది. మూఢంలో మా డెల్టాలో పెళ్లి చెయ్యరు, ఇల్లు కట్టరు, బోరు కూడా వెయ్యరు. అది విడిచేసరికి కాలేజీకి వేసవి సెలవులు ఇచ్చేశాం. ప్రతిసారీ, "పాతదాని మీదే సాగనివ్వండి" అన్నారు. ప్రతిసారీ నోటు రాశాను. ప్రతిసారీ పొట్టి సంతకం తీసుకున్నాను. ఆ ఏడాది జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఆవిడకి తొంభయ్యవ రోజు రాలేదు. దాని వల్ల ఏదైనా ప్రయోజనం ఉంటుందని నేనూ అనుకోలేదు. ఫైలు కట్టి బీరువాలో పెట్టాను.

రెండేళ్ల తరవాత రాజమండ్రిలోని పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. కాలేజీకి ఒక గుమాస్తా పోస్టు నింపుకోవచ్చు. అప్పటికే కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారికి వయసు సడలించవచ్చు. కాని వారు కనీసం ఒక విద్యా సంవత్సరం విరామం లేకుండా పనిచేసి ఉండాలి. అలాంటివారు ఉంటే కాగితాలతో సహా రాయాలి. లేకపోతే లేరని రాయాలి. అప్పటికి ఆవిడకి వయోపరిమితి దాటి నాలుగు నెలలు. ఈ పోస్టు తప్పితే ఆవిడకి ఇంక ఏ ప్రభుత్వ పోస్టూ లేదు.

ప్రిన్సిపాల్ గారు సర్క్యులరు చదివి తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "ఎవరూ లేరు కదండీ. నిల్ రిపోర్టు పంపేద్దాం."

"ఒకరు ఉన్నారండి" అని నేను ఆ ఫైలు ఆయన ముందు పెట్టాను.

ఆయన నోట్లన్నీ చదివారు. పొట్టి సంతకాలు ఒక్కొక్కటీ చూశారు. తరవాత తలుపు దగ్గరికి వేశారు.

"సూపరింటెండెంటు గారూ, ఇది రాకుండా ఉండడానికే కదండీ మనం ఎనభై తొమ్మిది రోజుల ఆర్డర్లు ఇస్తున్నది!"

"అవునండి. కాని వచ్చింది."

"ఉత్తర్వు లేకుండా ఏడాదిలో సగం పని చేయించామని మనమే రాసిచ్చినట్టవుతుంది. ఎందుకని అడిగితే ఏం చెబుతాం?"

"ఏం జరిగిందో అది చెబుదామండి."

"మూఢమని రాస్తామా? ప్రభుత్వానికి?"

ఈ మాటలు నడుస్తున్నప్పుడు ఆవిడ పక్కగదిలో టైపు చేస్తోంది. మిషను చప్పుడు మధ్యలో ఆగిపోయింది. నేను బయటికి వచ్చేసరికి సర్క్యులరు నకలు తన ముందు ఉంది. ఆ రోజు టపా విప్పినది ఆవిడే కాబట్టి ముందే చదివి ఉంటుంది.

"నాకు వస్తుందాండి?" అంది.

"రావాలమ్మా."

"ఏ హక్కూ అడగనని ఇన్నిసార్లు సంతకం పెట్టానండి. అది అడ్డం రాదాండి?"

ఆ షరతు కిందే ఆవిడ చేత పంతొమ్మిది సార్లు సంతకం పెట్టించినవాణ్ని నేను. "నువ్వు అడగడం లేదు, కాలేజీ రాస్తోంది" అన్నాను.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారూ నేనూ కరస్పాండెంటు గారి ఇంటికి వెళ్లాం. ఆయన వసారాలో కొబ్బరికాయల దింపు చూసుకుంటున్నారు. కాఫీలు ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు దారిలోనే ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చారు. ఆ ఏడాదికి పాత తేదీలతో మూడు ఉత్తర్వులు ఇప్పుడు తయారుచేసి, మధ్యలో ఒక్కొక్క రోజు విరామం చూపించి, హాజరు పట్టీలో ఆ రోజుల సంతకాలు కొట్టేస్తే, నోట్లు తీసేస్తే, అప్పుడు ధైర్యంగా నిల్ రిపోర్టు పంపవచ్చునన్నారు. రికార్డు సరిచెయ్యడం అని దానికి పేరు పెట్టారు.

నేను కప్పు కింద పెట్టాను. "ఆ నోట్ల నకళ్లు నా దగ్గర ఉన్నాయండి" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నావైపు చూడలేదు. కరస్పాండెంటు గారు మాత్రం వేరే సంగతి అడిగారు.

"ఏ తేదీలు వేస్తారండి?"

"సెప్టెంబరు మధ్యలో ఒకటండి. జనవరి మొదట్లో ఒకటి. మార్చి ఆఖర్లో ఒకటి."

"సెప్టెంబరంటే మహాలయ పక్షం. జనవరి పుష్యం. మార్చి మూఢం." ఆయన వేళ్లు మడిచారు. "ఆ తేదీల కింద నా సంతకం ఉంటుందా?"

"కాగితం మీదేనండి. పెట్టేది ఇప్పుడే కదా. ఇప్పుడు మంచి రోజులే."

"మిగిలేది కాగితమే కదండీ. రేపు మా మనవడు ఈ కుర్చీలో కూర్చుని ఆ ఫైలు తీస్తే ఏమనుకుంటాడు? తాత మూఢంలో నియామకం మీద సంతకం పెట్టాడనుకోడూ?"

"మరి పైవాళ్లు అడిగితేనండి?"

"అడగనివ్వండి. ఆ కాలంలో శుభదినములు లేనందున కొత్త ఉత్తర్వు ఇవ్వలేదు, పాతదానినే సాగించితిమి, అని రాయండి."

"నవ్వుతారండి."

"ఎవరండి నవ్వేది? వాళ్ల ఇళ్లల్లో పెళ్లిళ్లు కావా?"

ఈ సంగతిలో కరస్పాండెంటు గారిని కొందరు తరవాత మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. ఆవిడకి న్యాయం జరగాలని ఆయన ఆ సాయంత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ ఎన్నేళ్లుగా పనిచేస్తోందని అడగలేదు. ఆవిడ పేరు ముగ్గురిలో ఎవరి నోటా రాలేదు. పుస్తకంలో ఇది కూడా రాసుకున్నాను.

ప్రతిపాదన నేనే తయారుచేశాను. హాజరు పట్టీ నకళ్లు, ఉత్తర్వుల నకళ్లు, నోట్ల నకళ్లు, అన్నిటికీ వరస సంఖ్యలు వేశాను. శుభదినములు లేవన్న మాటకి కూడా ఆధారం ఉండాలి కదా. ఆ ఏటి పంచాంగం కరస్పాండెంటు గారి సొరుగులోంచి తీయించి, మూడు పేజీలు జెరాక్సు తీయించి, ప్రతిపాదనకి జతచేసిన కాగితాల్లో ఏడోదిగా, అంటే ఏడో జతగా, పెట్టాను. నకళ్లన్నిటి మీదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావాలి. మా పట్టణంలో అడగ్గానే దొరికే గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు గారు. ఆయన ఒక గేదెకి సూదివేసి, చెయ్యి కడుక్కుని, మిగిలిన కాగితాలన్నిటి మీదా వరసగా ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టుకుంటూ వచ్చి, ఏడో జత దగ్గర ఆగారు.

"పంచాంగాన్ని నేనెలా అటెస్టు చెయ్యనండి?"

"పంచాంగం నిజమని కాదండి డాక్టరు గారూ. ఈ నకలు ఆ పంచాంగానిదేనని."

ఆయన అసలుతో నకలు పోల్చి చూశారు. మూడు పేజీలూ చూశారు. సంతకం పెట్టి, "ఈ ఏడు మూఢం ఎప్పుడొస్తుందో కూడా చూసిపెట్టండి" అన్నారు.

కాగితాలు టపాలో వెయ్యకుండా నేనే బస్సులో రాజమండ్రి తీసుకువెళ్లాను. ప్రిన్సిపాల్ గారు రానన్నారు, గొంతు బాగాలేదన్నారు. పై ఆఫీసులో ఆ సెక్షను చూసే అధికారి చాలా మర్యాదస్తుడు. ఒక్కొక్క జత తిప్పుతూ ఏడోదాని దగ్గర కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏంటండి ఇది?"

"పంచాంగమండి."

"అది తెలుస్తోందండి. ఎందుకు జతపరిచారు?"

"కొత్త ఉత్తర్వు ఎందుకివ్వలేదని వివరణ అడుగుతారేమోనని."

ఆయన వివరణ చదివాడు. మళ్లీ చదివాడు. నవ్వలేదు. పక్క టేబులు దగ్గరున్న పెద్దాయన్ని పిలిచాడు. "ఏవండీ, ఆ ఏడు మాఘ ఫాల్గుణాల్లో మూఢం ఉందాండి?"

"ఎందుకు లేదండీ! మా రెండో అమ్మాయి పెళ్లి నిశ్చయమయ్యి వైశాఖం దాకా కూర్చున్నాం. అందరూ ఒక్కసారే పడ్డారేమో, వంటవాళ్లు కూడా దొరకలేదు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇప్పటికీ ఆ సాంబారు గురించి దెప్పుతూనే ఉంటారు."

"అయితే సరిగ్గానే ఉందండి" అని అధికారి పేజీ పక్కన ఏడో జత పరిశీలించడమైనదని రాసి, పొట్టి సంతకం చేశాడు. ఆవిడ పనిచేసిన సంవత్సరాల కాగితాలు అంతకు ముందు ఆరు జతలుగా ఉన్నాయి. వాటి పక్కన ఏమీ రాయలేదు.

మంజూరు రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో ఆవిడకి ఇంకొక తొంభయ్యవ రోజు వచ్చింది. నేను వద్దన్నా వచ్చి బెంచీ మీదే కూర్చుంది. "ఇప్పుడు రూలు తప్పితే ఉన్నది కూడా పోతుందేమోనండి" అంది. మంజూరు కాగితం వచ్చిన రోజున అది కవరులోంచి తీసి, ఇన్‌వార్డు నంబరు వేసి, స్టాంపు కొట్టి, అప్పుడు నా దగ్గరికి తెచ్చింది. చదివావా అని అడిగాను. చదివానంది. కూర్చోమ్మా అన్నాను. కూర్చోలేదు. "కరస్పాండెంటు గారు ఎప్పుడు సంతకం పెడతారంటారాండి?" అంది.

తొమ్మిది రోజుల తరవాత ఒక గురువారం పెట్టారు. పర్మనెంటు ఉత్తర్వు కూడా ఒక పేజీయే. ఆవిడ దాన్ని నిలబడి చదివింది. వెనక్కి తిప్పి చూసింది.

"ఇందులో ఎప్పటిదాకా అని లేదండి."

"ఉండదమ్మా."

"వెనక కాగితమేమన్నా ఉందాండి?"

"లేదమ్మా. అంతే."

కింద చేరుతున్నానని సంతకం చేసి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రం బజార్లో వాళ్ల అత్తగారు నన్ను ఆపింది. చేపలు కొననని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. "బాబుగారూ, ఇంక మా కోడలికి ఉజ్జోగం లేని రోజు లేదటగా?" అంది. లేదన్నాను. "అయితే దానికి సెలవన్నది ఎప్పుడండీ మరి?" అంది. సెలవులు ఉంటాయని, ఏటా ఇన్నని వాటికొక లెక్క ఉంటుందని వివరంగా చెప్పాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందని మా ఆఫీసులో అందరూ అనుకున్నారు. కాలేజీలో ఇంకా ఇద్దరు కాంట్రాక్టు మనుషులు ఉండేవారు. లైబ్రరీలో ఒకాయన, కెమిస్ట్రీ లాబులో ఒకాయన. ఇద్దరూ ఆ సంవత్సరం తరవాత చేరినవారే. వారికి అలాంటి ఏడాది దొరకలేదు. మళ్లీ దొరకకుండా కూడా కమిటీవారు ఏర్పాటు చేశారు. ఇకపై జూన్ నెలలోనే ఏడాది మొత్తానికి మంచిరోజులు చూసుకుని, విరామాలు వాటికి ముందు రోజున పడేటట్టు ఉత్తర్వుల తేదీలు ముందే ఖాయం చెయ్యాలని తీర్మానించారు. గడువు ఎనభై తొమ్మిది రోజులకు మించకూడదు, తగ్గినా ఫరవాలేదు. తీర్మానం పుస్తకంలో రాసినది నేనే. నా అసమ్మతిని కూడా రాస్తానన్నాను. గుమాస్తాకి అసమ్మతి ఉండదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ఆ సంగతిలో నిబంధన ఆయనవైపే ఉంది. చూసుకున్నాను.

ఆ జూన్‌లో ఆ ఇద్దరి ఉత్తర్వులూ టైపుకి వెళ్లాయి. టైపు ఆవిడదే. మధ్యాహ్నానికి రెండు కాగితాలూ నా టేబులు మీద పెట్టింది. పేర్లు, హోదాలు, షరతులు, ఏ హక్కూ కోరకూడదన్న వాక్యం, అన్నీ ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. గడువు ముగిసే తేదీ దగ్గర మాత్రం ఖాళీ ఉంది.

"ఇదేంటమ్మా, తేదీ వెయ్యలేదు?"

"మీరు వేసెయ్యండి సార్" అంది. కాసేపు నిలబడి, "మిగతాదంతా చూసుకున్నానండి" అని, వెళ్లి తన పనిలో కూర్చుంది.

ఆజ్ఞను ధిక్కరించినట్టు దీన్ని రాసుకోవచ్చు. పని సగంలో వదిలినట్టు మెమో ఇవ్వవచ్చు. ఇప్పుడు ఆవిడకి మెమో ఇస్తే జవాబు చెప్పుకునే హక్కు కూడా ఉంది. నేను కేలండరు తీసుకుని, జూన్ నుంచి ఒక్కొక్క గడి మీదా పెన్సిలు పెడుతూ ఎనభై తొమ్మిది రోజులు లెక్కపెట్టాను. తొంభై ఒకటో రోజు తీర్మానం కోరిన మంచిరోజే అయింది. రెండు కాగితాల మీదా నా చేత్తోనే తేదీ వేశాను. ఇంకొకసారి లెక్కపెట్టి సరిచూశాను. లెక్క సరిగ్గానే ఉంది. సంతకానికి పంపించాను.